ట్రంపెట్ ఊదితే కూడు పుడుతుందా?



పోయిన సంవత్సరం మన వసతి గృహ వార్షికోత్సవంలో ప్రార్థన అయిన తర్వాత నేను ట్రంపెట్ మీద ఒక చిన్న పాట వాయించాను. సభ ముగిశాక భోజనాల దగ్గర ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు నా పక్కన వచ్చి కూర్చుని, "అన్నా, ఇది ఊదితే కూడు పుడతాదా?" అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే నేను ఇదే హాస్టల్లో చదువుకునే రోజుల్లో మా బ్యాండు మాస్టరును అదే ప్రశ్న అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. "ముందు ఊదు, తర్వాత అడుగుదువు" అన్నాడు. మొన్న వార్డెన్ గారు ఈ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు, ఆ రోజు పప్పన్నం తింటూ ఆ పిల్లవాడికి సగమే చెప్పిన జవాబును పూర్తిగా రాద్దామనిపించింది.

ముందుగా ఈ వాయిద్యం సంగతి. ట్రంపెట్ అంటే చుట్టలు చుట్టిన ఒక ఇత్తడి గొట్టం. విప్పి సాగదీస్తే దాదాపు ఐదడుగులు ఉంటుంది. ఒక చివర గిన్నెలాంటి మౌత్‌పీసు, రెండో చివర ఉమ్మెత్త పువ్వులా విచ్చుకున్న నోరు. అందులోకి గాలి ఊదితే మోగుతుందని చాలామంది అనుకుంటారు. ఊరికే గాలి ఊదితే 'హుస్' అని గాలే వస్తుంది. మోగేది పెదవులు. రెండు పెదవులూ గట్టిగా దగ్గర చేర్చి సన్నని సందులోంచి గాలి వదిలితే తుమ్మెద రొదలాంటి శబ్దం పుడుతుంది. ఆ రొదను గొట్టం పెద్దది చేసి, నాదంగా మార్చి బయటికి పంపుతుంది. సన్నాయికి రెల్లుతో చేసిన పీక ఉంటుంది గదా, ట్రంపెట్‌లో ఆ పీక పని చేసేవి మన పెదవులే. పీక చెడిపోతే కొత్తది కట్టుకోవచ్చు. పెదవి చెడిపోతే మరొకటి దొరకదు. ఈ వృత్తిలోని మంచీ చెడ్డా చాలావరకు ఈ ఒక్క సంగతిలోనే ఉన్నాయి.

మూడు మీటలతో ఇన్ని స్వరాలు ఎలా వస్తాయని మీలో సైన్సు ఇష్టమైనవాళ్ళు అడుగుతారు. ఏ మీటా నొక్కకుండా పెదవులు బిగించడం, వదలడంతోనే స, ప, పై స, పై గ, పై ప పలుకుతాయి. మధ్యలో ఉన్న ఖాళీలను మీటలు నింపుతాయి. రెండో మీట నొక్కితే ఒక చిన్న గొట్టం కలిసి స్వరం అర మెట్టు దిగుతుంది. మొదటిది నొక్కితే ఒక మెట్టు, మూడోది నొక్కితే ఒకటిన్నర మెట్టు దిగుతుంది. వీటిని కలిపి నొక్కడంతో అన్ని స్వరాలూ వస్తాయి. ఈ మీటలు 1815 ప్రాంతంలో జర్మనీలో కనిపెట్టారు. అంతకు ముందు ట్రంపెట్ అంటే చాలావరకు మన పోలీసు బ్యూగుల్ లాంటిదే, అన్ని స్వరాలూ పలికేది కాదు. మన దేశంలో బ్యాండు వాయిద్యాలు ఎక్కువగా ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో, జలీ కోఠీ అనే వీధిలో తయారవుతాయి. నా మొదటి ట్రంపెట్ కూడా అక్కడిదే. అది నాకంటే ముందు ఇద్దరి చేతులు మారి వచ్చింది, రెండో మీట కాస్త పట్టేసేది.

ఇంగ్లీషు పటాలాలతో వచ్చిన ఈ వాయిద్యం మన పెళ్ళి ఊరేగింపులోకి ఎలా వచ్చిందంటే, పటాలం బ్యాండు చూసి జమీందార్లు, సంస్థానాలవారు తమకూ బ్యాండ్లు పెట్టుకున్నారు. వాళ్ళను చూసి ఊళ్ళు పెట్టుకున్నాయి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన వైపు డప్పు మనది. సన్నాయి మేళం మంగలి వారిది, దూదేకుల వారిది. ఏ వాయిద్యం ఎవరు పట్టాలో పుట్టకముందే రాసిపెట్టి ఉండేది. ట్రంపెట్ మాత్రం బయటి నుంచి వచ్చింది కాబట్టి దానికి కులం లేకపోయింది. ఎవరు నేర్చుకుంటే వారిది. మా బ్యాండులో నేను చేరినప్పుడు నాలుగు కులాలవాళ్ళం, ఇద్దరు ముస్లింలు ఉండేవాళ్ళం. అందరం ఒకే జరీ కోటు వేసుకునేవాళ్ళం. అయితే పెళ్ళివారి ఇంట అన్నం పెట్టేటప్పుడు ఆ కోటు ఎందుకూ పనికొచ్చేది కాదు. బంధువులంతా తిన్నాక, పందిరి వెనక, విస్తళ్ళు పారేసే చోటికి దగ్గరగా కూర్చోబెట్టేవారు. మా మాస్టరు ఒక్క మాట అనేవాడు కాదు. తన విస్తరి మడిచి లేచి, మౌత్‌పీసు మూడుసార్లు కడుక్కునేవాడు. ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళు వచ్చాయి, బల్లల మీద భోజనాలు వచ్చాయి. ఆ పద్ధతి పూర్తిగా పోయిందని మాత్రం నేను చెప్పలేను.

ఇక కూడు సంగతికి వద్దాం. బ్యాండువాడికి సంవత్సరమంతా పని ఉండదు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, వీటిలో ముహూర్తాలు ఉన్న రోజుల్లో రాత్రి ఒక ఊరు, తెల్లవారుజామున మరొక ఊరు. ఆషాఢం, పుష్యం, మూఢం వచ్చిందంటే పెళ్ళిళ్ళు లేవు. భాద్రపదంలో వినాయకుడు ఆదుకుంటాడు. కదిరి నరసింహస్వామి రథోత్సవం, గూగూడు కుళ్ళాయిస్వామి పీర్ల పండుగ, ఊరూరి జాతరలు కొన్ని దినాలు నెట్టుకొస్తాయి. చావులకు కూడా పిలుస్తారు, వెళ్తాం. ముహూర్తాలు ఉన్నా మన జిల్లాలో మరో చిక్కుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. అది కూడా పడవలసినప్పుడు పడదు. శనక్కాయ చేతికొస్తే పెళ్ళి, చేతికి రాకపోతే "వచ్చే ఏడు చూద్దాంలేప్పా". బయానా ఇచ్చినవాళ్ళే వచ్చి దాన్ని తిరిగి అడిగిన సంవత్సరాలు నాకు తెలుసు. రైతు ముఖం చూసి మాస్టరు ఇచ్చేసేవాడు. అప్పటికే ఆ డబ్బు మా ఇళ్ళలో ఖర్చయి ఉండేది. కరువు రైతును ఒక్కణ్ణే కొట్టదు. ఊరేగింపులో ముందు నడిచేవాణ్ణి కూడా కొడుతుంది. ఆ తర్వాత డీజే వచ్చింది. ఇరవైమంది ఉండే సెట్టు పదిమందికి తగ్గింది. 2020లో లాక్‌డౌన్ సరిగ్గా ముహూర్తాల ముందర పడింది. ఆ వేసవి నేను బెంగళూరు రోడ్డు మీద ఒక గోడౌన్‌లో మూటలు మోశాను. పెదవులకు మూడు నెలలు సెలవు.

ఎండ గురించి కూడా చెప్పాలి, ఇది పుస్తకాల్లో ఉండదు. అనంతపురం మే నెల గాలికి పెదవులు పగులుతాయి. పగిలిన పెదవి మీద ఇత్తడి ఆనించి రెండు గంటలు వాయించాలి. వేడికి వాయిద్యం శ్రుతి పైకి పోతుంది, మాఘమాసపు తెల్లవారుజామున చలికి కిందికి దిగుతుంది. అందుకే మొదలుపెట్టే ముందు శ్రుతి గొట్టం కొంచెం లాగడమో నెట్టడమో చేస్తాం. ఊరేగింపు దుమ్ము మీటల్లో చేరి అవి పట్టేస్తాయి. రోజూ నూనె వేయాలి, వారానికోసారి విప్పి కడగాలి. కింది కీ నొక్కి మేం నీళ్ళు వదులుతుంటే పిల్లలు "ఉమ్మి" అని పారిపోతారు. అందులో ఎక్కువ భాగం ఉమ్మి కాదు, మన ఊపిరిలోని ఆవిరి చల్లబడి నీరైనది.

వాయించడం ఒక్కటే అయితే ఈ వృత్తి కష్టమే. నేను నిలబడింది మిగతా రెండు పనుల వల్ల. ఒకటి పాట కట్టడం, రెండోది నేర్పడం.

పాట కట్టడం అంటే ఏమిటో చెబుతాను. శుక్రవారం సినిమా విడుదలైతే ఆదివారం పెళ్ళిలో ఆ పాట కావాలంటారు. అందులో వయొలిన్లు ఉంటాయి, కోరస్ ఉంటుంది, కంప్యూటర్ శబ్దాలు ఉంటాయి. మా దగ్గర రెండు ట్రంపెట్లు, ఒక క్లారినెట్, ఒక సాక్సోఫోన్, ఒక యుఫోనియం, డ్రమ్ములు, తాషా. గాయని పాడింది ఎవరు వాయించాలి, మధ్య సంగీతం ఎవరు అందుకోవాలి, ఎవరు ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలి అన్నది ఒకడు కూర్చుని కట్టాలి. పైగా ఈ వాయిద్యాలన్నీ ఒకే శ్రుతికి చేసినవి కావు. ట్రంపెట్ మీద మేం 'సి' అని ఊదేది హార్మోనియం మీద 'బి ఫ్లాట్'. పాట 'సి'లో ఉంటే ట్రంపెట్‌కు 'డి'లో రాయాలి, ఆల్టో సాక్సోఫోన్‌కు 'ఏ'లో రాయాలి. ఈ లెక్క రానివాడు మంచి వాయిద్యగాడు కావచ్చు గానీ పాట కట్టలేడు. లెక్కల మాస్టారు కొట్టినప్పుడు ఇది ఎందుకు పనికొస్తుందిరా అనుకున్న కూడికలు, తీసివేతలు నాకు ఇక్కడ అక్కరకొచ్చాయి.

పరాయి బాణీని మనది చేసుకోవడం కొత్తదేమీ కాదు. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు ప్రాంతంలో ఇంగ్లీషు బ్యాండు విని, ఆ బాణీలకు సంస్కృతంలో సాహిత్యం రాశారు. నలభై దాకా ఉన్న ఆ చిన్న రచనలను నొట్టుస్వర సాహిత్యాలంటారు. 'శక్తిసహితగణపతిం' వాటిలోదే, సంగీతం మొదలుపెట్టిన ప్రతి పిల్లా నేర్చుకుంటుంది. 'సంతతం పాహిమాం' బాణీ అయితే ఇంగ్లీషువారి జాతీయ గీతానిది. ఇంత గొప్పవారు వీధిలో వినబడిన బ్యాండును చెవినిడి విన్నారు గదా అని నాకు ఎప్పుడూ సంతోషం.

మన జిల్లా మనిషి ఒకరి పేరు కూడా ఇక్కడ చెప్పాలి. కంబదూరు మండలం రాళ్ళపల్లిలో 1893లో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించారు. తర్వాత తిరుపతిలో, రాగిరేకుల మీద మాటలు మాత్రమే మిగిలిన అన్నమయ్య సంకీర్తనలు కొన్నింటికి బాణీ కట్టి, స్వరపరచి అచ్చువేయించారు. రేకుల మీద రాగం పేరు ఉంది, పాడే పద్ధతి పోయింది. రాగం పేరు ఒక్కటే పట్టుకుని పాటను మళ్ళీ నిలబెట్టాలి. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఆయన పట్టింది ట్రంపెట్ కాదు, అయినా ఆయన పని తలచుకున్నప్పుడల్లా నాకు మా మాస్టరే గుర్తుకొస్తాడు.

మా మాస్టరు సొంతంగా ఒక బాణీ కట్టాడు. పెళ్ళికొడుకు ఊరి పొలిమేర దాటి ఆడపిల్లవారి ఊళ్ళో అడుగుపెట్టేటప్పుడు వాయించేది. సినిమా పాట కాదు, కీర్తన కాదు. మోహన రాగపు ఛాయ, కింద డప్పు నడక. అది మొదలవగానే ముసలివాళ్ళు అరుగుల మీద నుంచి లేచి నిలబడేవారు. రెండు భాగాలుగా ఉండేది. మొదటి భాగం నేను, రెండో భాగం ఆయన. "రెండోది నాకూ చెప్పు మాస్టరూ" అంటే "తొందరేముందిరా, ఊళ్ళు ఎక్కడికీ పోవు" అనేవాడు. ఆయనకు రాయడం రాదు. నాకు వచ్చు, నేను రాసుకోలేదు. ఒక వేసవిలో మూడు పెళ్ళిళ్ళు వరసగా వాయించి ఇంటికి పోయిన మనిషి మళ్ళీ లేవలేదు. ఇప్పుడు నా దగ్గర మొదటి భాగం మాత్రమే ఉంది. రెండోది తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని ధర్మవరం, కళ్యాణదుర్గం, హిందూపురం బ్యాండ్లన్నింటినీ అడిగాను. విన్నామనేవాళ్ళు ఉన్నారు, వాయించగలవాళ్ళు లేరు. నేనే ఒక రెండో భాగం కట్టి చూశాను. బాగానే ఉందన్నారు. కానీ అది ఆయనది కాదని నాకు తెలుసు.

నేను నేర్పడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. మొదటి రోజే ప్రతి పిల్లవాడి చేత ఒక రూళ్ళ నోటుపుస్తకం కొనిపిస్తాను. వాయించింది రాయాలి, రాసింది వాయించాలి. స రి గ మలతో రాసినా సరే, ఇంగ్లీషు గీతల మీద రాసినా సరే. గోవాలో చర్చి బడులు పేద పిల్లలకు ఉచితంగా సంగీతం చదవడం, రాయడం నేర్పేవి. అక్కడి నుంచి బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాలకు ఎంతమంది వెళ్ళారో లెక్కలేదు. అల్డోనా గ్రామం నుంచి వెళ్ళిన చిక్ చాకొలెట్ అనే ట్రంపెట్ విద్వాంసుడు సి. రామచంద్ర సంగీతానికి పెద్ద అండగా ఉన్నాడు. ఆయన్ను భారతదేశపు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనేవారు.

ఆ ఆర్మ్‌స్ట్రాంగ్ కథ మన హాస్టల్ పిల్లలు తప్పక తెలుసుకోవాలి. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో 1901లో కడుపేద నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. 1912 డిసెంబరు 31 రాత్రి, కొత్త సంవత్సరం సంబరంలో తుపాకీ గాలిలో పేల్చినందుకు పోలీసులు పట్టుకుని నల్లజాతి అనాథ బాలుర గృహానికి పంపారు. మన హాస్టల్ లాంటిదే, కాకపోతే అక్కడికి ఇష్టపడి పోరు. ఆ గృహంలో పిల్లల బ్యాండు ఉండేది. పీటర్ డేవిస్ అనే ఉపాధ్యాయుడు ఆ పిల్లవాడికి ముందు తంబూరిన్ లాంటి చిన్న వాయిద్యాలు, తర్వాత కార్నెట్ ఇచ్చాడు. కార్నెట్ ట్రంపెట్‌కు చెల్లెలు లాంటిది. అక్కడి నుంచి మొదలై, 1971లో చనిపోయేనాటికి ప్రపంచమంతా తెలిసిన సంగీతకారుడయ్యాడు. ఆయన జీవితంలో నేను మా పిల్లలకు తప్పక చెప్పే సంగతి మరొకటి ఉంది. పెదవి మీద వాయిద్యాన్ని గట్టిగా అదిమి, అతి పై స్వరాలు వాయించి వాయించి పెదవి దెబ్బతిని, కొంతకాలం వాయిద్యం పక్కన పెట్టవలసి వచ్చింది. అంతటివాడికే తప్పలేదు. అదమకండి, గాలితో పై స్వరానికి వెళ్ళండి అని రోజూ చెబుతాను. రోజూ అదుముతారు.

నేర్పడం ఎలా ఉండాలో మన తెలుగువారిలో షేక్ చినమౌలానా గారిని చూసి తెలుసుకోవచ్చు. 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో, తరాలుగా నాదస్వరం వాయించే ముస్లిం ఇంట్లో పుట్టారు. తండ్రి దగ్గర, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్నారు. పేరు వచ్చాక కూడా తంజావూరు బాణీ మీద ఇష్టంతో అక్కడి గురువుల దగ్గర మళ్ళీ శిష్యుడిగా కూర్చున్నారు. శ్రీరంగంలో స్థిరపడి, 1982లో శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి శిష్యులను తయారుచేశారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి వచ్చాయి. 1999లో కన్నుమూశారు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆడవాళ్ళు అరుదుగా పట్టే నాదస్వరాన్ని కాలీషాబీ గారు పట్టారు. పక్క బాలికల హాస్టల్ వాళ్ళు ఈ సంచిక చదివితే ఈ వాక్యం రెండుసార్లు చదవండి.

ఇప్పుడు నేర్చుకోవాలనుకునేవాళ్ళకు. పాలపళ్ళు ఊడి ముందు పళ్ళు గట్టిగా వచ్చాక, పదకొండు, పన్నెండేళ్ళకు మొదలుపెట్టవచ్చు. మన ఊళ్ళ ఫ్లోరైడు నీళ్ళకు పళ్ళు గారపట్టి ఉంటాయని సిగ్గుపడకండి. గారపట్టిన పళ్ళు ఊదడానికి అడ్డం కాదు, ఊగే పళ్ళు అడ్డం. మొదటి వారం ఉత్త మౌత్‌పీసే. తర్వాత నెలరోజులు ఒక్కొక్క స్వరాన్ని నిలకడగా, పొడవుగా ఊదడం. పాట కావాలని అప్పుడే ఏడుస్తారు, నేనూ ఏడ్చాను. పది నిమిషాలు ఊదితే పది నిమిషాలు విశ్రాంతి. కడుపు నిండా తిని ఊదకూడదు, స్టడీ అవర్‌లో అసలే ఊదకూడదు.

చదువు మానకండి. ఇది వార్డెన్ గారు రాయమన్న మాట కాదు, నా అనుభవం. పోలీసు బ్యాండుల్లో, సైన్యంలో వాద్యకారులను తీసుకున్నప్పుడు చదువు అడుగుతారు. సైన్యపు సంగీత శిక్షణకు మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ప్రత్యేక విభాగమే ఉంది. మా సెట్టులో నాకంటే బాగా ఊదే ఇద్దరు పదో తరగతి కాగితం లేక అక్కడికి పోలేకపోయారు. తిరుపతిలో తితిదే వారి సంగీత కళాశాల, నాదస్వర డోలు పాఠశాల ఉన్నాయి. సన్నాయి వైపు మనసు పోయేవాళ్ళు అక్కడ విచారించవచ్చు. చట్టం సంగతి కూడా ఒకటి తెలిసి ఉండాలి. పెళ్ళి ఊరేగింపులో సినిమా పాట వాయించడానికి ఎవరికీ రుసుము కట్టనక్కరలేదని 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఉంది. ఒకసారి ఒక మనిషి వచ్చి డబ్బు కట్టాలని మమ్మల్ని బెదిరించాడు. ఆ సెక్షన్ రాసిన కాగితం చూపిస్తే టీ తాగి వెళ్ళిపోయాడు.

నా సంపాదన అడిగితే దాచను. పెళ్ళిళ్ళతో ఏడాదిలో ఐదారు నెలలు గడుస్తాయి. మిగతా బ్యాండ్లకు పాటలు కట్టి రాసిచ్చినందుకు కొంత, రెండు ప్రైవేటు స్కూళ్ళలో పిల్లల బ్యాండుకు నేర్పినందుకు నెలకింత వస్తుంది. ఒక స్కూలువారు ఏడాది జీతం ఇప్పటికీ బాకీ, పేరు అనవసరం. ఇల్లు కట్టలేదు. అప్పు లేదు. నా కూతురు ఇంటర్ చదువుతోంది, క్లారినెట్ వాయిస్తుంది. ఎనిమిదో తరగతి తమ్ముడూ, కూడు పుడుతుంది. ఒక్కో నెల పలచగా పుడుతుంది.

వార్డెన్ గారు ఒప్పుకున్నారు కాబట్టి ఈ సంవత్సరం నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు వెనక వేపచెట్టు కింద నేర్పుతాను. ట్రంపెట్ ఒక్కటే ఉంది, ఆ రెండో మీట పట్టేసే పాతదే, బాగుచేయించాను. మౌత్‌పీసులు మాత్రం ఎవరిది వారికి ఉండాలి, ఒకరిది మరొకరు వాడకూడదు. నాలుగు తెస్తున్నాను. రూళ్ళ నోటుపుస్తకం, పెన్సిలు మీరు తెచ్చుకోండి.